కళింగపట్నం పోర్టుకి ఎంత?

ఏడు రోడ్ల కాడ, ఎండ ఇంకా కొట్ల రేకుల మీదే ఉన్నాది,
పాలకొండ బస్సు దిగి నా ఆటో కాడికొచ్చినాడు.
ఒక చక్రాల పెట్టె, ఎర్రది, కొట్లో ఇచ్చిన కవరు విప్పలేదు.
ఒక భుజం సంచి. ఒక గోనె, మూతికి తాడు.
"కళింగపట్నం పోర్టుకి ఎంత?" అన్నాడు.

పోర్టు!
పదారేళ్లుగా ఆటో తోల్తన్నాను,
ఆ మాట అడిగినోడు ఎవుడూ లేడు.
బీచికెంత, లైటుహౌసుకెంత, సేపలకాడికెంత, అంతే.
"ఓడలు..." అనబోయి
"నాలుగొందలు" అనీసినాను.
బోనీ కాలేదు మరి.

పెట్టె ఎనక పట్టింది, గోనె పట్టలేదు.
కాళ్ల కాడ అది, ఒళ్లో ఇది,
సామాన్ల మద్దిన ఆడే ఒక సామానులాగ.
అరసవిల్లి మలుపులో గుంత తగిలితే
"అన్నా, నెమ్మదిగా, గోనెలో ఊరగాయ సీసాలు" అన్నాడు.
"ఓడలో ఊరగాయ తిననిస్తారేటి?"
"మాయమ్మకి తెల్దు కదా."

పేరు ఢిల్లేశ్వర్రావు.
తెల్ల ఓడలో పని. పన్నెండంతస్తులంట, మీద ఈతకొలనంట,
సముద్రం మీద తేల్తా మళ్లీ నీళ్లలో ఈదతారంట జనాలు.
తువ్వాలుని హంసలాగ మడత పెట్టడం
రాజాంలో నెల్లాళ్లు నేర్పినారంట.
ఏజెంటుకి లచ్చా ఇరవై.
ఏ తేదీ? ఈవేళే.
ఏ రేవు? కాయితంలో ఉన్నాది, సూడన్నా.
సూసినాను. గులాబిరంగు కాయితం. కళింగపట్నం అనే ఉన్నాది.
ముద్ర కూడా ఉన్నాది, లంగరు బొమ్మ,
కొంచెం అలుక్కుపోనాది.

గార దాక నాను మాటాడలేదు.
మాటాడాల. ఏటని?
మా తాత సెప్పీవోడు, ఆడి తాత ఆ రేవులో మూటలు మోసినాడంట,
ఓడ దూరంగా ఆగితే పడవల్లో ఎలిపోయీవంట నువ్వులు.
ఆ తాత పోనాడు, ఈ తాతా పోనాడు,
పోర్టన్న పేరుకి మాత్రం సావు రాలేదు.
గారలో టీ తాగుదామన్నాను. డబ్బులు నానే ఇచ్చినాను.
గలాసు అడుగు తేలినా నోరు పెగల్లేదు.

సరుగుడు తోటలు దాటగానే గాలి ఉప్పగా తగిలింది.
రోడ్డు ఆగిపోనాది. ఇసక.
ఇసకలో చక్రాలెందుకు?
పెట్టె ఆడు నెత్తిన పెట్టుకున్నాడు, గోనె నాను ఎత్తుకున్నాను.
వల బాగుసేసుకుంటన్న ముసిలోడు తలెత్తి
"సీరలేటి బాబూ, వాయిదాలకిస్తావా?" అన్నాడు.

ముందర సముద్రం. నాలుగు తెప్పలు. ఒక కుక్క.
ఓడ లేదు.
ఓడ ఆగీ సోటు కూడా లేదు.

"అన్నా" అన్నాడు, నా ఏపు సూడకుండా,
"నాకు తెలుసు.
ఏజెంటు ఫోను సోమారం నుంచీ ఎత్తట్లేదు.
ఆపీసుకెల్తే తాళం. పక్క కొట్టు టైలరు నవ్వినాడు."
"మరెందుకొచ్చినావురా ఇంత సామాను మోసుకొని?"
"ఊరంతా బస్సు కాడికొచ్చీసినారు.
మేస్టారు దండ కూడా ఏసినాడు.
సాగనంపినాక ఎక్కడికో ఒకసోటికి ఎల్లాల కదన్నా,
ఒక్కపూటైనా."

పెట్టె తెరిసి నల్ల బూట్లు తీసినాడు. ఏసుకొని
కెరటం ఆగిన గీత దాక నడిసినాడు,
తడవకుండా ఎనక్కి, మళ్లీ ముందుకి.
తరవాత తెల్ల తువ్వాలొకటి తీసి
ముసిలోడి పక్కన కూకొని మడత పెట్టినాడు,
ఇలాగ, ఇలాగ, మెడ ఇలాగ వంచీసి.
హంస. నిజంగానే హంస.
గాలికి ఒరిగిపోతే ముసిలోడు దాని మెడని ఏలితో నిలబెట్టి
కాసేపు సూసి
"బాతు" అన్నాడు.
ముగ్గురం నవ్వినాం.
ఊరగాయ సీసా ఒకటి విప్పినాం, ముసిలోడి సద్దన్నంలోకి.

తిరిగొచ్చినాక డబ్బులు నానడగలేదు.
ఆడే ఇచ్చినాడు, ఎల్లినదానికి నాలుగొందలు.
తీసుకున్నాను.
తీసుకోకపోతే ఆడు ఎల్లనట్టే అవుద్ది కదా.
"ఎక్కడ దింపమంటావు?"
"ఎక్కినకాడే."
మిట్టమద్దేనం. ఏడు రోడ్ల మద్దిలో
పెట్టె చక్రాలు తారు మీద గలగలా తిరిగినాయి,
సందుల్లోంచి సన్నగా ఇసక రాల్తానే ఉన్నాది.
ఏ రోడ్డు పట్టినాడో ఆ గీత సూస్తే తెలిసిపోద్ది.
నాను సూడలేదు.
బేరమొచ్చింది, అరసవిల్లికి, ముగ్గురు.